గోడ దగ్గర అర అంగుళం

మా సీమలో నేలంటే బండ.
పొర్లింది బండ మీద, పలకా బలపం పట్టింది బండ మీద,
ఎండాకాలం చొక్కా విప్పి వీపు ఆనించింది బండకే.
చెక్క మీద నడవడమంటే
మంచమెక్కి నడిచినట్టు, తిట్లు పడే పని.

అందుకే గుంతకల్లులో
ఆ పాత రైల్వే క్లబ్బు హాల్లోకి మొదటిసారి పోయినప్పుడు
చెప్పులు విడిచి, గడప దగ్గరే కాసేపు నిలబడినాను.
అడుగేస్తే నేల కిర్రుమని బదులిచ్చింది.
కంబగిరి మేస్త్రీ నవ్వినాడు:
"దయ్యం కాదులేరా, కింద వాసం వదులైంది."

బర్మా టేకు. నాలుగంగుళాల పలకలు.
ఒకదాని నాలుక ఇంకోదాని గాడిలో.
ఒకప్పుడు డ్రైవర్లూ గార్డులూ
పెండ్లాల నడుములు పట్టుకుని శనివారాలు ఇక్కడ తిరిగేవాళ్లంట.
తర్వాత షటిల్ కోర్టు. తర్వాత ఓట్ల పెట్టెలు.
తర్వాత ఎవరో ఉత్తరపు గోడకు కూలరు పెట్టి
నాలుగేండ్లు దాన్ని కారనిచ్చినారు.

మేస్త్రీ మోకాళ్ల మీద వంగి
సుత్తి పిడితో ఒక్కో పలకా తట్టుకుంటా పోయినాడు,
కలింగరకాయలు బేరమాడేవాడి మాదిరి.
ఖంగుమన్నదాని జోలికి పోలేదు.
డొల్లగా పలికినదాని మీద సుద్దతో ఇంటూ.
పొద్దు వాలేసరికి నలభై మూడు ఇంటూలు.

కాంట్రాక్టరు ఓబుళరెడ్డి వచ్చి చూసినాడు:
"అంతా పీకేసి టైల్సు పరిస్తే రెండు రోజుల పని గదప్పా!"
మేస్త్రీ బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"పుచ్చిన పన్ను పీకుతారు గానీ
దవడ పీకుతారా సార్?"

పలకలు లేపితే కింద
జానెడు లోతు చీకటి, చెదల మట్టి,
షటిల్ ఈకలు, ఒక కోటు గుండీ,
టైంటేబుల్ కాగితాలు కొరికి ఎలుక కట్టుకున్న గూడు,
ఒక చిల్లి కానీ.
సామెతలో తప్ప నేనెన్నడూ చూడనిది.
జేబులో వేసుకోబోతే మేస్త్రీ చెయ్యి చాపినాడు.
అన్నీ ఒక తగరపు డబ్బాలో పెట్టి
మళ్లీ ఆ చీకట్లోకే తోసినాడు.
"మన సరుకు కాదు."

కొత్త టేకు దీనికి అతకదన్నాడు, పచ్చిదంట.
కర్నూలు పాతూర్లో, వరదకు నాని
ఆనక పడగొట్టిన మిద్దె దూలాలు కొనుక్కొచ్చినాం.
రంపం కింద పొట్టుతోపాటు
పగుళ్లలో దాక్కున్న ఒండ్రు సన్నగా రాలింది.
తుంగభద్ర
లారీ ఎక్కి గుంతకల్లు దాకా వచ్చింది.

మిషను వద్దన్నాడు.
ఇరవై రోజులు గరుకు కాగితం,
చెక్క గీత ఎటు పోతే అటు.
నా వేళ్ల గీతలు అరిగి
ఆ నెల రేషన్ మిషను నన్ను గుర్తుపట్టలేదు.
ఆపైన అవిసె నూనె, మైనం, పాత పంచె ముక్క.

చివరి వరస పరిచినాక చూస్తే
గోడకీ పలకకీ నడుమ అర అంగుళం సందు.
"కొలత తప్పినావు మేస్త్రీ."
"నీ పెండ్లినాటి ప్యాంటు ఇప్పుడు నడుముకెక్కుతాదా?
వానాకాలం ఇదీ ఉబ్బుతాది. చోటియ్యాల."

ఇంతలో సుంకమ్మ నిండు బకెట్టుతో వచ్చింది.
ముప్పై ఏండ్లుగా ఆ హాలు కడుగుతున్న మనిషి.
"తడపకుంటే తుడిచినట్టెట్లయితాది?"
ఆమెకు కోపం. ఆయన వాదించలేదు.
గుడ్డ ముంచి, పిండి, మళ్లీ పిండి,
మెలికల్లోంచి నీళ్లు రావడం ఆగేదాకా పిండి
ఆమె చేతిలో పెట్టినాడు.

కార్తీకంలో బండి మారడానికి దిగి
ఒకసారి పోయి చూసినాను.
సందు దారమంత మిగిలింది.
కిటికీ పక్కన రెండు పలకలు కొంచెం వీపెత్తినాయి,
అది మేస్త్రీకి చెప్పాల.
సుంకమ్మ నన్ను గుర్తుపట్టి
"అరచెయ్యి పట్టు" అంది.
గుడ్డను నా చేతి మీద బలంకొద్దీ మెలిపెట్టింది.

ఒక్క చుక్క రాలలేదు.

బండి కూత పెట్టింది. పరిగెత్తినాను.